వందను వందతో సరిచూసిన లెక్క

ఆ ఉదయం బామ్మ అనుకున్న పని చిన్నదే. పుస్తకం తిరిగి ఇచ్చి, లైబ్రరీ కిటికీ పక్క కుర్చీలో పదింటిదాకా చదువుకుని, ఇంటికి వచ్చి వంట మొదలుపెట్టడం. ఆమె బడికి వెళ్ళిన మనిషి కాదు. అక్షరాలన్నీ ఆ కుర్చీలోనే పట్టుబడ్డాయి.

వెళ్ళేసరికి లైబ్రేరియన్ తల గోక్కుంటున్నాడు.

"సోమవారం ఏటి అవతలికి మారిపోతున్నామండీ బామ్మగారూ. మేడ మీద గది దొరికింది. పుస్తకాల బరువెంతో రాసిమ్మంటున్నాడు లారీ ఆయన."

ఏటి అవతలికంటే బామ్మ రెండు బస్సులు మారాలి. అదీ సోమవారం. అక్క కాపురానికి వెళ్ళిందీ, భర్త ఆసుపత్రికని వెళ్ళి తిరిగి రానిదీ సోమవారాలే. అయినా సాయం అడిగినవాణ్ణి కాదనడం ఆమెకు చేతకాదు. పైగా మనవరాలి నోటుబుక్కు చదివి పెద్ద సంఖ్యల కిటుకొకటి పట్టింది. సున్నాలన్నీ రాయక్కర్లేదు, అవి ఎన్నో పది భుజం మీద చిన్న అంకెగా వేస్తే చాలు.

"పుస్తకాలెన్ని బాబూ?"

"నాలుగు వేలు."

"నాలుగు ఇంటూ పది పవర్ మూడు. ఒక్కోటీ మూడొందల గ్రాములు, అంటే మూడు ఇంటూ పది పవర్ రెండు. నాలుగు మూళ్ళు పన్నెండు. ఇక పై అంకెలు..."

బామ్మ ఆగింది. కూడాలా, గుణించాలా? జాగ్రత్త మనిషి కనుక తెలిసిన లెక్కతో సరిచూసుకుంది. వంద వందలు పదివేలు. వందంటే పది పవర్ రెండు. రెండు రెళ్ళు నాలుగు. పదివేలకు నాలుగు సున్నాలు. సరిపోయింది.

"మూడు రెళ్ళు ఆరు. పన్నెండు పక్కన ఆరు సున్నాలు, గ్రాముల్లో. పన్నెండు టన్నులు నాయనా."

"అమ్మో," అని లైబ్రేరియన్ అలాగే రాసేశాడు.

సోమవారం మూడు లారీలు వచ్చాయి. మొదటిది సందు మలుపులో ఇరుక్కుంది. రెండోది దాన్ని లాగబోయి ఇరుక్కుంది. మూడోది రెండింటికీ సలహాలిస్తూ వీధి మొగ మూసేసింది. సంగతి ఏరు దాటి మేడ యజమాని చెవిన పడింది.

"పన్నెండు టన్నులా? అవి పుస్తకాలా, ఏనుగులా?" అని ఫోను పెట్టేసి, ఆయన ఇంజనీరును పిలిచాడు. తరలింపు ఆగింది. బామ్మ కుర్చీలో కూర్చుని, పుస్తకం అడ్డుపెట్టుకుని నవ్వుకుంది.

సాయంత్రం లెక్క కాగితం మనవరాలి కంటబడింది.

"పై అంకెలు గుణించావేంటి బామ్మా? కూడాలి. మూడూ రెండూ ఐదు. అంతా కలిపి పన్నెండొందల కిలోలే."

"వందతో సరిచూశానే."

"రెండూ రెండూ కూడినా నాలుగే, గుణించినా నాలుగే. దొరక్క దొరక్క నీకు ఆ లెక్కే దొరికిందా?"

ఆ పూట బామ్మకు అన్నం సహించలేదు. నోరు మెదపకపోతే కుర్చీ తనదే. కానీ తప్పుడు లెక్క మీద కూర్చుని ఏ పుస్తకం చదువుతుంది? మర్నాడు తలుపులు తీసే వేళకే కాగితంతో లైబ్రరీ మెట్ల మీద ఉంది.

"తప్పు నాదే బాబూ. టన్నుంబావు కూడా లేదు. ఒక్క లారీ చాలు. వెళ్ళిపోండి." అని కాగితం అతని చేతిలో పెట్టింది.

"ఎక్కడికండీ వెళ్ళేది? ఇంజనీరు చూశాడుగా. ఆ మేడ దూలాలు చెమ్మకి పుచ్చిపోయాయట. పన్నెండు టన్నులు దేవుడెరుగు, పన్నెండుమంది నిలబడినా కిందికొస్తుందట. మీరు సరైన లెక్క చెప్పుంటే అటు తొంగిచూసేవాడే లేడు. ఇక్కడే ఉంటున్నాం, కూర్చోండి."

ఆ తర్వాత వీధిలో ఎవరు పెద్ద లెక్క పట్టుకొచ్చినా బామ్మ కాదనలేదు. వందను వందతో గుణించేదైతేనే తెమ్మంది.