తేలే ఇంటికి తేలని కాగితం

సర్టిఫికెట్ లేని మనిషి బతకవచ్చునేమో గాని, సర్టిఫికెట్ లేని ఇల్లు నీటి మీద తేలకూడదు. తేలితే అది అహంకారం! మా సరస్సు మీద దుంగలపై తేలే ఇళ్లు యాభై ఉన్నాయి. కాగితాల అదుపు లేకపోతే అవి ఏదో ఒక పూట సముద్రంలోకి షికారు వెళ్లిపోవూ?

మా పక్కింటి లోర్నా హాగ్లండ్ సంగతే చూడండి. డెబ్బై రెండేళ్ల మనిషి. ముప్పై ఏళ్లు ఫెర్రీలో టికెట్లు చింపి రిటైరైంది. ఆమె ఉంటున్నది తండ్రి దేవదారు దుంగలు పేర్చి కట్టిన ఇల్లు. మొన్నటి చలికాలంలో ఈశాన్యం మూల దుంగలు నీళ్లు తాగి కుంగాయి. మన వాస్తు ప్రకారం ఈశాన్యం పల్లం శుభమే. లోర్నాకు వాస్తు తెలియదు పాపం, మంచం జారకుండా పొయ్యికి తాడేసి కట్టుకుంది.

కింద నాలుగు ప్లాస్టిక్ పీపాలు తోస్తే చాలు, ఒక పూట పని. కానీ పీపాలు తోయడమంటే మరమ్మతు. మరమ్మతుకు అనుమతి కావాలి. అనుమతికి, అది తేలే ఇల్లేనన్న సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్‌కు ఇల్లు సమంగా తేలాలి. సమంగా తేలాలంటే పీపాలు తోయాలి. ఎంత గుండ్రటి ఏర్పాటండీ! ఎక్కడా మూల లేదు, ఎవరికీ గుచ్చుకోదు.

లోర్నా ఆ సర్టిఫికెట్లిచ్చే ఆఫీసుకు పదకొండుసార్లు వెళ్లింది. ఇల్లు మొదటినుంచీ తేలుతోందనడానికి రుజువు అడిగితే, వాళ్ల నాన్న వరండాలో కూర్చుని చేపలు పడుతున్న ఫొటో ఇచ్చింది. ఫొటోలో నీళ్లు కనిపిస్తున్నాయి గాని తేలడం కనిపించడం లేదని రాసిచ్చారు. అదీ నిశిత పరిశీలన అంటే!

ఈలోగా నీళ్లు గుమ్మం దాకా వచ్చాయి. వాన ఆగని ఒక ఆదివారం లోర్నా సూట్‌కేసుతో మా ఇంటికొచ్చింది.

"ఇంకో వాన పడితే ఇల్లు పోతుంది. అది మునుగుతుంటే ఒడ్డున నిలబడి చూడడం నా వల్ల కాదు," అంది. ఆమె ఏడుస్తుంటే చూడడం నాకదే మొదటిసారి.

మర్నాడు పొద్దున ఏం జరిగిందో నాకు తెలియదు. రేవు చివరింటి డెల్బర్ట్ రబ్బరు దుస్తులు తొడుక్కుని నీళ్లలోకి దిగడం, మేం అయిదుగురం పీపాలు అందించడం, ఇల్లు మూలుగుతూ పైకి లేవడం, ఇవేవీ నేను చూడలేదు. చట్టాన్ని గౌరవించేవాణ్ణి. సాయంత్రం లోర్నా వండిన చేపల సూప్ రెండు గిన్నెలు తాగిన మాట మాత్రం నిజం.

గురువారం ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టర్ మర్రో వచ్చాడు. నాలుగు మూలలా రసమట్టం పెట్టి చూశాడు. బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది. వరండా కింద కొత్త నీలం పీపాలు తళతళలాడుతున్నాయి.

"ఇల్లు సమంగానే ఉందండీ. మరమ్మతేం అక్కర్లేదు. ఆ దరఖాస్తు కొట్టేసి, సర్టిఫికెట్ ఇచ్చేస్తున్నా," అన్నాడు.

సంతకం పెట్టాడు. టోపీ తీసి, రేవు మీద మేం తప్ప ఇంకెవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు.

"మా అమ్మ ఇల్లు అవతలి రేవులో ఉందండీ. ఆవిడ దరఖాస్తు రెండేళ్లుగా నా బల్ల మీదే ఉంది. ఆ నీళ్లలో దిగినాయన ఎవరో కాస్త చెబుతారా?"