‘రా’ మీద ఒత్తు

తొమ్మిదింటికల్లా కడుపు డాక్టరమ్మ గది తలుపు మీద విభాగం పేరు రాసేసి, పదింటి రైలుకి భార్యను ఎక్కించాలని పెయింటర్ పొద్దున్నే మేడ మీదికి చేరాడు. తీరా చూస్తే తలుపు జానెడు, పదం బారెడు: గ్యాస్ట్రోఎంటరాలజీ. సుద్దతో కొలత వేశాడు, చెరిపాడు, మళ్లీ వేశాడు. ఈలోగా భార్య రెండుసార్లు ఫోన్ చేసింది. కాలు నిలవక డాక్టరమ్మకి ఫోన్ కొట్టాడు.

“మేడమ్, పదం పట్టట్లేదు. ఏం చెయ్యమంటారు?”

కింద కౌంటర్ దగ్గర డాక్టరమ్మ చెవికి ఫోన్ ఆనించుకునే, కొత్తగా చేరిన రిసెప్షనిస్టు చేత అదే పదం పలికిస్తోంది.

“ముక్కలు చేసుకో! గ్యాస్ట్రో, ఎంట, రా, లజీ. ‘రా’ మీద ఒత్తు. ఇంకా గట్టిగా!”

ఫోన్ కట్టయింది. ఆ మాటలు తనకే అనుకున్నాడు పెయింటర్. ‘రా’కి ఏ ఒత్తు? యవత్తా, రవత్తా? తల గోక్కుని, ఒత్తి రాయమన్నదేమోలే అని సర్దిచెప్పుకున్నాడు. పదాన్ని నాలుగు వరసలు చేసి, మూడో వరసలో ‘రా’ ఒక్కదాన్నీ ఎర్రరంగుతో మూరెడెత్తు దిద్దాడు.

రంగు ఆరకముందే ఒక ముసలావిడ తలుపు తోయబోయింది.

“ఎక్కడికమ్మా?”

“రమ్మని రాశారుగా బాబూ!”

బెంచీ మీదున్న రిటైర్డ్ హెడ్మాస్టరు తలెత్తి చూశారు.

“రా ఏమిటి? నేనేమన్నా వీళ్లతో గోళీలాడానా? ‘రండి’ అనడానికి నోరు రాదూ?”

పెయింటర్ కంగారుగా గుడ్డ తీసి దీర్ఘం తుడవబోయాడు. రంగు సాగి దీర్ఘం గొళ్లెం దాకా పోయింది.

“ఇప్పుడు కేకేసి పిలుస్తున్నారన్నమాట!” మాష్టారు లేచి నిలబడ్డారు.

ఫోన్ మళ్లీ మోగింది, భార్య. “స్టేషనుకి నేనే పోతున్నా. మీరక్కడే కాపరం పెట్టండి!”

“ఈ సంగతి లోపలే తేల్చుకుంటా!” మాష్టారు తలుపు నెట్టుకుని వెళ్లిపోయారు.

పెయింటర్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. ఇక ఈ మెట్లు మళ్లీ ఎక్కనివ్వరనుకుంటూ డబ్బాలు సర్దుతుంటే బెంచీ మీంచి మాష్టారి భార్య లేచి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది.

“నీ చేతి చలవ నాయనా! కడుపులోకి గొట్టం వేసి చూడాలన్నారని మూణ్నెల్లుగా తీసుకొస్తున్నా. పరగడుపున వస్తారు, గుమ్మం చూడగానే భయమేసి వెనక్కి తిరుగుతారు. లోపలికి వెళ్లడం ఇదే మొదలు!”

వెనక మెట్ల మీదుగా అప్పటికే గదిలోకి వచ్చేసిన డాక్టరమ్మ గొంతు లోపల్నుంచి నెమ్మదిగా వినిపించింది: “తప్పకుండా తిట్టండి మాష్టారూ. ముందిలా పడుకోండి.”

కాసేపటికి కేకలు ఆగిపోయాయి. నోట్లో గొట్టం ఉండగా ఎంత హెడ్మాస్టరైనా మర్యాద నేర్పలేడు.