లెక్కల సారు, ఎనిమిది తెలివితేటలు

తెలివితక్కువవాళ్ళు అంతరించిపోయారు! నమ్మకపోతే రాజంపేట దగ్గర మా ఊరికి రండి. వెతికినా ఒక్కడూ దొరకడు.

మా చిన్నప్పుడు తెలివి ఒక్కటే రకం ఉండేది. అదేమో నాకు అబ్బలేదు. ఇప్పుడు మానసిక శాస్త్రవేత్తలు దాన్ని ఎనిమిది రకాలు చేశారట. ఎంత దయగల మనుషులు! ఎనిమిదింట్లో ఒక్కటైనా తగలకుండా పోతుందా?

మొన్న మా అమ్మాయి శశికళ చదివే ప్రైవేటు బడికి ఒక మెషిన్ వచ్చింది. దానిమీద వేలు పెడితే చాలు, గీతల్ని బట్టి ఎవరిలో ఏ తెలివి ఉందో రిపోర్టు ఇచ్చేస్తుంది. చదవక్కర్లేదు, రాయక్కర్లేదు. రేషన్ షాపులో బియ్యం తెచ్చుకున్నంత సులువు.

దాని తరగతిలో గోపీకి ప్రకృతి తెలివి వచ్చింది. పాఠం చెప్తుంటే కిటికీలోంచి మేకల్ని చూస్తాడని వాణ్ణి ఇన్నాళ్ళూ అన్యాయంగా తిట్టారు! పక్కవాణ్ణి తన్నే ఓబులేష్‌కు శరీర తెలివి. అద్దం వదలని మధులతకు తన్ను తాను తెలుసుకునే తెలివి. మా శశికళకు సంగీతం! అది గొంతెత్తితే పక్కింటి బర్రె పాలు చేపదు.

లెక్కల తెలివి మాత్రం పదో తరగతి నలభై మందిలో ఒక్కరికీ రాలేదు. దసరాకు వెళ్ళిపోయిన లెక్కల సారు స్థానంలో ఇంతవరకు ఎవరూ రాలేదు. ఇక అవసరం లేదని హెడ్మాస్టరు వీరభద్ర గారు తల్లిదండ్రుల మీటింగులో తేల్చేశారు. లేని తెలివికి సారెందుకు? ఇప్పుడు ఆ పీరియడ్‌లో ఎవరి తెలివి వాళ్ళు పెంచుకుంటున్నారు. గోపీ మేకల్ని చూస్తున్నాడు, ఓబులేష్ తంతున్నాడు.

మీటింగుకు వచ్చిన మా అమ్మ అంజనమ్మ కూడా ఆశపడి వేలు పెట్టింది. యాభై ఏళ్ళు మగ్గం నేసిన వేలు, గీతలన్నీ అరిగిపోయాయి. మెషిన్ ఎర్రదీపం వెలిగించి ఏ తెలివీ లేదంది! చీరకు పడుగులో ఎన్ని పోగులు, అంచుకు ఎన్ని అని కాగితం ముట్టకుండా చెప్పే మనిషి, పాపం!

హెడ్మాస్టరు గారికి ఎనిమిదీ వచ్చాయి. ఏ పనీ ముట్టని వేలు, గీతలు చెక్కుచెదరలేదు.

శశికళకు పాలిటెక్నిక్‌లో చేరాలని ప్రాణం. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. అన్నం తింటూ నన్ను అడిగింది.

"నాయనా, లెక్కల పేపరు ఇస్తే పాట పాడి రావల్లనా?"

నాకా లెక్కలు రావు. మా అమ్మే దాన్ని పుస్తకం తీసుకొని మగ్గం దగ్గరికి రమ్మంది, జతగాళ్ళనూ పిలుచుకురమ్మంది.

ఇప్పుడు సాయంత్రమైతే మా మగ్గం చుట్టూ సగం తరగతి. భిన్నాలు, నిష్పత్తులు, శాతాలు అన్నీ పడుగు పోగుల మీదే తేలిపోయాయి. నిన్న త్రికోణమితి వచ్చింది. అమ్మ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మూసేసింది.

"ఇది నాకు రాదప్పా. దీనికి సారు ఉండల్ల."

ఏ తెలివీ లేని మా అమ్మకు ఆ సంగతి ఒక్క నిమిషంలో తెలిసింది. ఎనిమిదీ ఉన్న హెడ్మాస్టరు గారికి దసరా నుంచీ తెలియడం లేదు!