మొగులప్ప పానా పునరాగమన విజయము

వినుడు, జనులారా, తోసుకొనక వినుడు! శరదృతువున, విజయదశమీ ప్రభాతంబున, మిర్చిబజ్జీధూమ్రమేఘావృతంబగు వికారాబాదు స్టేషనున, తాండూరు ప్యాసింజరు గర్జించుచు వచ్చువేళ, అచ్చట నిలిచియుండె నొక వీరుడు. ఎడారిదేశమున రైలుపట్టాలు పరచినవాడు, యుద్ధము రాగా కట్టుబట్టలతో ఇల్లు చేరినవాడు, మొగులప్పకు ఏకైక జామాత, ప్రేమ్‌సాగరుడు.

అతని భుజమున పట్టాల బోల్టులు బిగించు పొడవాటి పానా! రైల్వే గ్యాంగులో రిటైరైన మామ స్వహస్తములతో అప్పగించిన ఆ మహాయుధము పరదేశపు గోదాములో చిక్కి, యుద్ధము ముగిసిన పిమ్మట ఓడనెక్కి, లారీనెక్కి, నిన్ననే వికారాబాదు చేరినది. అది లేని దసరాలలో మామ ఆయుధపూజ పీటమీద దాని చోటు ఖాళీగా ఉంచెనే గాని, అల్లుని పల్లెత్తు మాట అనలేదు. అనకపోవుటయే అల్లుని కాల్చుచుండెను. నేడైనను పూజకు అందవలె!

బండి ఆగెను. కిటికీలలోనికి దస్తీలు, అనగా చేతిరుమాళ్లు, శరపరంపరగా దూసుకుపోయెను. ఎవరి దస్తీ పడిన సీటు వారిదన్నది అచ్చటి రాజధర్మము. అయ్యో, మన వీరుని దస్తీ పానాకు చుట్టియున్నది! తటాలున కిటికీ ఊచల సందునుండి పానానే సీటుపై పరుండబెట్టి, తలుపువైపు లంఘించెను.

లోపల సీతాఫలాల గంపతో, నడుమున కొంగు దోపి, రణచండికవలె ఆ సీటుకడనే నిలిచియుండె నాగరాణి యను పండ్లమ్మి.

"దస్తీ ఏస్తె సీటైతది గని, ఇనుము ఏస్తె ఐతదా? తియ్యి!"

"దస్తీ గూడ ఉంది సూడక్కా, దానికే సుట్టిన!"

"అట్లయితె సీటు దానిది. నీదెట్లయితది?"

వీరుడు సింహనాదము చేసెను. "అక్కా! లడాయిల సిక్కి, సంద్రం దాటొచ్చింది గీ పానా! ఇయాల పూజకు అందకుంటె మా మామ మొఖం ఎట్ల సూడాలె?"

నాగరాణి కరిగెను. "లడాయికెల్లి ఒచ్చిందా? మస్తు అలిసుంటది పాపం. దాన్ని కూసోనియ్యి. నువ్వు నిలవడు. గీ గంప జర పట్టుకో."

తాండూరు ప్లాట్‌ఫారమున మొగులప్ప వేచియుండెను. అల్లుని చూడలేదు, పానాను అందుకొని నిమిరెను. కన్నులు చెమ్మగిల్లెను.

"సీటు దొరికిందా?"

"దీనికి దొరికింది, మామా."

"గది సాలు. నడువ్, పీట కాడ పూజ నీకోసమే ఆపిన."

ఇట్లు మహాయుధము కందిచేలు చూచుచు, కిటికీ పక్కన దర్జాగా కూర్చుండి, ఒంటికాలిపై నిలిచిన వీరుని వెంటబెట్టుకొని ఇల్లు చేరెను. పీట నిండెను. జయము!