గొడుగు బాతు మరణం

ఆదివారం పొద్దుటి పథకం చిన్నదే. కూతురు తన బొమ్మల ప్రదర్శనకు వెళ్లాలి. తండ్రి మాత్రం ఇంట్లోనే ఉండాలి.

ఆయన ముప్పై ఏళ్లపాటు పిల్లల మాసపత్రికలో గొడుగు బాతు బొమ్మకథ గీసిన మనిషి. ఆ బాతును చూస్తూ పెరిగినవాళ్లకు ఇప్పుడు బట్టతలలు వచ్చాయి. వాళ్ల కోసమే కూతురు అదే బాతును కొత్తగా గీసింది: ఆఫీసు బల్ల కింద దాక్కున్న బాతు, విడాకుల కోర్టు మెట్లమీద బాతు, చివరికి మార్చురీ బల్లమీద కాలివేలికి చీటీతో బాతు. తండ్రితో పువ్వుల బొమ్మలని చెప్పింది. చూస్తే ఆయన మనసు విరిగిపోతుందని, ఇక తనతో మాట్లాడరని ఆమె భయం.

ఆయన్ని ఆపే పని భర్తకు అప్పగించి ముందే వెళ్లిపోయింది. పెళ్లయి పదేళ్లయినా అబద్ధమాడటం రాని మనిషతను.

"మామయ్యగారూ, ప్రదర్శన వాయిదా పడిందండీ."

"అదేంటి? నిన్నంతా అమ్మాయి ఫ్రేములు మోసింది కదయ్యా!"

"గ్యాలరీ యజమానికి ఒంట్లో బాలేదండీ. గుండె..."

"అయ్యో! ఇప్పుడెలా ఉన్నాడు?"

తర్వాతి అబద్ధం వెతుక్కుంటూ అల్లుడు తల వంచుకున్నాడు. అది చూసి పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నాకన్నా చిన్నవాడు. అక్కడ ఎవరైనా ఉన్నారా?"

"అందరూ అక్కడే ఉన్నారండీ," అన్నాడు అల్లుడు, ఇదొక్కటైనా నిజమే కదా అని.

భార్యకు ఫోన్ చేద్దామని పెరట్లోకి వెళ్లి వచ్చేసరికి మామగారు లేరు. చెప్పులూ లేవు.

గ్యాలరీలో జనం గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. పెద్దాయన తెల్లపూలతో వచ్చి, ఎదురైనవాళ్ల భుజం తట్టి, "ధైర్యంగా ఉండండి" అన్నారు. ఇదీ ప్రదర్శనలో భాగమేననుకుని ఇద్దరు బయటికి పరుగెత్తి పూలు తెచ్చారు. వాళ్ల వెనక ఇంకో పదిమంది. చూస్తుండగానే మార్చురీ బాతు ముందు జనం పూలతో వరుస కట్టారు.

"రండి సార్, రండి!" అంటూ గ్యాలరీ యజమాని ఎదురొచ్చాడు. పెద్దాయన రెండడుగులు వెనక్కి వేశారు. పోయిన మనిషే కుర్చీ వేసి, మంచినీళ్లు తెచ్చి, తాగేదాకా గ్లాసు పట్టుకున్నాడు.

"మరి పోయిందెవరు బాబూ?"

అందరూ గోడవైపు చూశారు. ఆయన లేచి, జేబులోంచి భూతద్దం తీసి, బాతును ముక్కు నుంచి కాలివేలి దాకా చూశారు.

"ఎవరు చంపారు?"

"నేనే నాన్నా," అంది కూతురు, స్తంభం చాటునుంచి వస్తూ.

"హమ్మయ్య!" అన్నారాయన. "మొదటి ఏడాదే నేను చంపి పంపానే. ఎడిటర్ తిప్పి పంపేశాడు. చివరి గడిలో నవ్వాల్సిందే అన్నాడు. ముప్పై ఏళ్లు నవ్వించాను వీణ్ణి. మీ అమ్మ చనిపోయిన నెలలో కూడా నవ్వాడు."

కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది. "కోపం లేదా నాన్నా?"

"ఎందుకు లేదూ! మార్చురీలో చీటీమీద ఇంత ముత్యాల్లాంటి అక్షరాలు ఎవరు రాస్తారే?"

అప్పుడే అల్లుడు రొప్పుతూ లోపలికి వచ్చాడు. "మామయ్యగారూ, వారు పోలేదండీ... కొంచెం కోలుకున్నారు..."

పెద్దాయన భూతద్దం అతనివైపు తిప్పి, చాలాసేపు చూశారు.

మరుసటి నెల తండ్రీకూతుళ్లు కలిసి కొత్త బొమ్మకథ మొదలుపెట్టారు. అందులో బాతులు లేవు, ఒక అల్లుడున్నాడు.