పంచరు కాని టైర్లు

ఆదివారం ఉదయం 5.40కి ఉదయగిరి బాప్టిస్టు చర్చి గేటు ముందు దయాసాగర్ సైకిలెక్కాడు. ఆత్మకూరు చర్చి వార్షికోత్సవానికి వెళ్లాలి. అతనికి వెళ్లాలని లేదు. ఆ సంగతి అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

దయాసాగర్ వయసు యాభై ఒకటి. హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. నెల కిందట ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచాడు. సైకిల్ తొక్కడం మొదలుపెట్టాక షుగరు 280 నుంచి 130కి దిగిందన్నాడు. అక్కడితో కూర్చోవలసింది. "దేవుడు తోడుంటే ఆత్మకూరు పండక్కి సైకిల్ మీదే పోతాను" అని కూడా అన్నాడు. పాస్టరు డేవిడ్‌రాజు ఆ మాట రాసుకున్నాడు. పది రోజుల్లో కరపత్రం అచ్చయింది. వాక్యం చెప్పేవారి పేర్ల కింద దయాసాగర్ పేరు, ఫొటో ఉన్నాయి.

కరపత్రం వచ్చిన మర్నాడు వింజమూరు రోడ్డు మీద అతని వెనక లారీ హారన్ కొట్టింది. దయాసాగర్ సైకిల్‌తో సహా గుంతలో పడ్డాడు. దెబ్బ తగల్లేదు. ఎవరూ చూడలేదు. ఆనాటి నుంచి ఇంట్లో మిక్సీ వేసినా అతను పక్కకు దూకుతున్నాడు.

వెళ్లకపోతే పరువు పోతుంది. వెళితే ప్రాణం పోతుందని అతని నమ్మకం. దారిలో టైరు పంచరైతే రెండూ దక్కుతాయి. బుధవారం అతను మాలకొండయ్య సైకిల్ షాపుకు వెళ్లాడు.

మాలకొండయ్య రెండు రకాల టైర్లు ముందు పెట్టాడు. "ఈ సన్నది స్పీడుగా పోతాది సార్. తుమ్మ ముల్లు తగిలిందంటే అక్కడే కూర్చుంటాది. ఇదిగో, దీని లోపల ముల్లు దిగకుండా పట్టీ ఉండాది. బరువు రవంత ఎక్కువ. స్పీడులో పెద్ద తేడా లేదు."

"సన్నదే వెయ్యి."

"ఆత్మకూరు దాకా ముళ్లే సార్."

"తెలుసులే. వెయ్యి."

మాలకొండయ్య వేశాడు. దయాసాగర్ వెళ్లాక ఆ సార్ భార్య సుకుమారికి ఫోన్ చేశాడు. "అమ్మా, సార్‌కి స్పీడు పిచ్చి పట్టినట్టుండాది. దార్లో టైరు పోతే జనం ఆయన్ననరు, నన్నంటారు."

సుకుమారి భయపడింది. గురువారం భర్త బడికి వెళ్లగానే సైకిల్‌ను షాపుకు నడిపించుకెళ్లి పట్టీ టైర్లు వేయించింది. పాస్టరుకు కూడా చెప్పింది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో సైకిల్‌ను పుల్పిట్ ముందు నిలబెట్టారు. పాస్టరు రెండు టైర్ల మీదా చేతులుంచి ప్రార్థించాడు. తర్వాత దయాసాగర్ భుజం తట్టాడు.

"బ్రదర్, నిదానంగా తొక్కండి. మీ వెనకే ఆటో వస్తాది. నేను, సిస్టరు, మాలకొండయ్య ఉంటాం. నాలుగు ట్యూబులు, పంపు పెట్టుకుంటాం."

దయాసాగర్ టైర్ల వంక చూశాడు. అవి సన్నవి కావు.

శనివారం సాయంత్రం నాలుగింటికి అతను పెరటి కంచె నుంచి తుమ్మ ముళ్లు విరుచుకొచ్చాడు. సైకిల్ ముందు మోకరించి, వెనక టైరు మీద ఒక ముల్లు నిలబెట్టి చెప్పుతో కొట్టాడు. విరిగింది. రెండోదీ విరిగింది. మూడోది విరిగాక నుదురు చక్రానికి ఆనించి అలాగే ఉండిపోయాడు.

వంటింటి కిటికీలోంచి సుకుమారికి అతని వీపు మాత్రమే కనిపించింది. ఆమె పాస్టరుకు ఫోన్ చేసింది. "అయ్యగారూ, సైకిల్ కాడ మోకాళ్ల మీద ఉండారు. కదలకుండా ప్రార్థన చేస్తా ఉండారు."

పాస్టరు ఆ మాట సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆదివారం తెల్లవారేసరికి ఒక ఆటో మూడు ఆటోలైంది.

వింజమూరు దాటిన కాసేపటికి దయాసాగర్ వెనక హారన్ మోగింది. అతను తిరిగి చూడలేదు. బలం కొద్దీ తొక్కాడు. మోగింది లారీ కాదు. పాస్టరు ఎక్కిన ఆటో పంచరై, అతన్ని ఆగమని కొట్టిన హారన్ అది. అతను ఆగలేదని మిగతా రెండు ఆటోలూ హారన్లు కొట్టాయి. అతను మలుపు తిరిగి కనబడకుండా పోయాడు. ఆ రెంటిలో ఇంకొకరికి చోటు లేదు, పాస్టరును రోడ్డు మీద వదిలి పోవడానికి వాళ్లకు మనసొప్పలేదు. పంచరైన ఆటోకు స్టెప్నీ లేదు. మాలకొండయ్య తెచ్చిన నాలుగు ట్యూబులూ సైకిల్‌వి.

9.10కి దయాసాగర్ ఆత్మకూరు చర్చి ముందు దిగాడు. ఆటోలు 10.45కి వచ్చాయి. అప్పటికీ అతని వేళ్లు హ్యాండిల్ పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.

"ఏందండీ ఆ స్పీడు? అంతమందిమి హారన్ కొడతా ఉంటే ఆగరే?" అంది సుకుమారి.

"లారీ అనుకున్నాను."

"లారీతో పందెం పెట్టుకున్నారా, ఈ వయసులో?"

వెనక నిలబడ్డ పాస్టరు ఆ మాట విన్నాడు. వచ్చే ఏడు బ్రదర్ దయాసాగర్ నెల్లూరు దాకా సైకిల్ మీద వెళతారని వేదిక మీద ప్రకటించాడు. సభ ఆమెన్ అంది.

సోమవారం షాపులో మాలకొండయ్య సైకిల్ వెనక టైరు విప్పి వెలుతురుకు తిప్పి చూశాడు. సూది తెచ్చుకుని ఒకచోట గుచ్చి కెలికాడు. తర్వాత దయాసాగర్ వంక చూశాడు.

"నెల్లూరికి సన్నవి వేద్దామా సార్?"

"వద్దు. ఇవే ఉండనీ."

టైరులో మూడు ముళ్ల మొనలు దొరికాయి. మూడూ పక్కపక్కనే, అంగుళం మేరలో ఉన్నాయి. ఒక్కటీ ట్యూబు దాకా దిగలేదు.