ఆకాశం మెచ్చిన చెరకు

రైతు పొలంలోకి దిగడం మానేస్తే తప్ప వ్యవసాయం బాగుపడదు! కోపం తెచ్చుకోకండి, నిదానంగా ఆలోచించండి. గట్టు మీద నిలబడ్డవాడికి ఏం కనబడుతుంది? తన చెరకు, పక్కవాడి చెరకు, రెంటినీ మేస్తున్న ఎవరిదో గేదె. అదే ఉపగ్రహానికైతే అనకాపల్లి నుంచి దేవరాపల్లి దాకా పచ్చదనమంతా ఒక్క చూపులో తెలుస్తుంది. గేదె మాత్రం కనబడదు. దీన్నే డేటా అంటారు.

బుచ్చయ్యపేట దగ్గర చెరకు పండించే త్రినాధరావుకి ఈ జ్ఞానోదయం ‘పచ్చకన్ను’ అనే యాప్ వల్ల కలిగింది. అది పైనుంచి పొలాన్ని ఫొటో తీసి మార్కు వేస్తుంది. పచ్చ మార్కు వస్తే కంపెనీయే లారీ పంపి చెరకు కొనుక్కుంటుంది. ఎర్ర మార్కు వస్తే మీ చెరకు, మీ ఇష్టం! ఆ ఇంటికి ఏడాదంతా ఆధారం ఆ ఒక్క పంటే.

అబ్బ, ఏం యాప్ అండీ! పొద్దున్నే గుడ్ మార్నింగ్ చెబుతుంది. నేలకి దాహంగా ఉందంటుంది, ఆకుకి నీరసంగా ఉందంటుంది. కట్టుకున్న పెళ్ళాం నీరసాన్ని ఏనాడూ కనిపెట్టని త్రినాధరావు, ఆకు నీరసానికి రెండు పూటలా కంగారు పడ్డాడు. ఒకరోజు పెరట్లో నిలబడి ‘నేడు వర్షసూచన లేదు’ అని చదువుతూ నిలువునా తడిశాడు. తడిసిన చొక్కా మాట నమ్మాలా, ఉపగ్రహం మాట నమ్మాలా? చదువుకున్న మీరే చెప్పండి!

అంతలో పిడుగులాంటి వార్త. ఎర్ర మార్కు! ‘మీ పొలంలో మొక్కలు చాలలేదు’ అంది యాప్.

కంపెనీ ఫీల్డ్ ఆఫీసర్ కిరణ్ బైకు మీద వచ్చి, పొలం చూసి తల గోక్కున్నాడు. మన వైపు చెరకు ఏపుగా ఎదిగాక గాలికి పడిపోకుండా, ఆకులు మెలితిప్పి నాలుగైదు దుబ్బుల్ని కలిపి జడ చుడతారు కదా. పైనుంచి చూసేవాడికి ఆ నాలుగూ ఒకటే దుబ్బు. మిగతాదంతా ఖాళీ నేల.

“జడ సుట్టేమని దానికి సెప్పు బాబూ,” అన్నాడు త్రినాధరావు.

“నాకు తెల్దేటి బాబాయ్? మాది కె. కోటపాడు. మా ఇంట్లోనూ సుడతారు. కానీ యాప్‌లో జడ అన్న ఆప్షన్ లేదు.”

ఆప్షన్ లేనప్పుడు జడ మాత్రం ఎందుకుండాలి? ఎంత చక్కటి తర్కం! త్రినాధరావు కొడవలి పట్టుకుని జడలన్నీ విప్పడం మొదలెట్టాడు. భార్య అప్పలనర్సమ్మ కేకలేస్తూ పరుగెత్తుకొచ్చింది.

“నీకేటి మతి పోనాదా? గాలొత్తే సెరుకంతా పడిపోతాది!”

“నోర్ముయ్యే! గాలి లేదని యాప్ సెప్పింది.”

చెరకు జుట్టు విరబోసుకుని ఆకాశం వైపు చూసింది. త్రినాధరావూ చూశాడు. ఉపగ్రహం ఎటునుంచి వస్తుందో తెలియక అన్ని దిక్కులకీ నవ్వుమొహం పెట్టాడు.

ఉపగ్రహం కంటే ముందు గాలి వచ్చింది. మామూలు గాలా అది! దానికి వాన కూడా తోడై, తెల్లారేసరికి పొలమంతా చాప పరిచినట్టు నేలకి అతుక్కుపోయింది. జడ చుట్టిన చుట్టుపక్కల పొలాలు నిటారుగా ఉన్నాయి. త్రినాధరావు గట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అప్పుడే ఫోన్ మోగింది. ‘అభినందనలు! మీ పొలంలో ఒక్క ఖాళీ కూడా లేదు. పచ్చ మార్కు!’ నిజమే మరి, పడిపోయిన చెరకు నేలని కప్పేసినట్టు నిలబడ్డ చెరకు కప్పగలదా?

మాట తప్పకుండా లారీ కూడా వచ్చింది. పడిపోయి బురదలో నానుతున్న చెరకు తీసుకోవద్దని రూలుందట, ఖాళీగా తిరిగెళ్ళింది. కిరణ్ మాత్రం సిగ్గుపడుతూ ఒక శుభవార్త మోసుకొచ్చాడు. త్రినాధరావు పొలం ఫొటో ‘ఆదర్శ క్షేత్రం’ పేరుతో విత్తనాల కంపెనీకి, ఎరువుల కంపెనీకి, బీమా కంపెనీకి కూడా అమ్ముడుపోయిందట! చూశారా, నేను ముందే చెప్పలేదూ? పంట లేకపోయినా వ్యవసాయం ఎంత లాభసాటో! ఆ పొలంలో అమ్ముడుపోనిది చెరకు ఒక్కటే.

ఈ డిజిటల్ విజయాన్ని అర్థం చేసుకునే చదువు అప్పలనర్సమ్మకి లేదు. బురదలోంచి ఒక గడ లేపబోతే అది చేతిలోనే విరిగింది. దాన్ని అలాగే పట్టుకుని కిరణ్ వైపు తిరిగింది.

“మా పొలం బొమ్మ కొనుక్కున్నోల్లు ఎవులో సెప్పు బాబూ. ఆల్లనే వచ్చి ఈ సెరుకు లేపమను.”